గూడబాతుది ఏ ఊరు?

ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు నుంచి ఆస్ట్రేలియా వెళ్లొచ్చే పెద్దవాళ్లు ఇప్పుడు వీధికి ఒకరైనా ఉంటారు. కోడలి పురిటికనో, మనవడి పుట్టినరోజుకనో ఏదో ఒక వంకన విమానం ఎక్కుతారు. వెళ్లిన రెండోవారానికల్లా ఇక్కడి చుట్టాల ఫోన్లలోకి ఫొటోలు వచ్చిపడతాయి. రోడ్డు దాటుతున్న కంగారూ, చెట్టుకొమ్మను వాటేసుకుని నిద్రపోతున్న కోలా... ఆ తర్వాత తప్పనిసరిగా ఓ పెలికాన్. పడవల రేవులో చేపలు శుభ్రంచేసే బల్ల పక్కన, తన వాటా తనకు రావాల్సిందేనన్నట్టు ఠీవిగా నిలబడి ఉంటుంది.

‘చూశావా బావా, మూరెడు ముక్కు! మనిషంటే బొత్తిగా భయంలేదు’ అని అక్కణ్నుంచి ఫోను.

‘ఎంతైనా ఫారిన్ ఫారినే’ అని ఇక్కణ్నుంచి జవాబు.

ఆ బావగారి ఇల్లు ఏలూరులో. ఇంట్లోంచి బయటికొచ్చి, కొల్లేరు మీదుగా కైకలూరు వెళ్లే రోడ్డెక్కితే గంట, గంటన్నరలో ఆటపాక చేరుకోవచ్చు. శీతాకాలంలో అక్కడి చెరువుగట్టు మీద నిలబడితే కనిపించేవి పెలికాన్లే. ఒకటీ రెండూ కాదు... వేలల్లో! ఆయన ఇంతవరకూ చూడలేదు. చూసొద్దామని ఏటా అనుకుంటూనే ఉంటాడు.

చూడకపోతే పోయె. చూసినవాళ్ల సంగతే చిత్రం. ఆస్ట్రేలియా రేవులో ఎవర్ని కదిపినా ‘ఇది మా పక్షి’ అంటారు. ఆటపాక గట్టు మీద అడిగి చూడండి. ‘సైబీరియా నుంచి వచ్చాయండీ’ అంటారొకరు. ‘కాదు కాదు, ఆస్ట్రేలియా నుంచి’ అని దిద్దుతారు పక్కనున్నవారు. పిల్లాణ్ని భుజానెక్కించుకున్న తాతగారు కూడా ‘వేల మైళ్లు ఎగిరొచ్చాయిరా నాన్నా, మన దగ్గరికి చుట్టపుచూపుగా’ అనే చెబుతారు. పాపం, వాళ్లననేందుకూ లేదు. ఏటా నవంబరు వచ్చిందంటే పత్రికల్లో ‘విదేశీ అతిథుల సందడి’ అన్న శీర్షిక కింద వేసే ఫొటో కూడా ఈ పెలికాన్‌దే.

ఇంతకీ అసలు సంగతేంటంటే... ఆటపాకలో గూళ్లు కట్టుకునే పెలికాన్ ఎక్కడి నుంచీ రాలేదు. అది ఇక్కడిదే. కొల్లేటి గాలి పీల్చి, కొల్లేటి చేప తిని, కొల్లేటి చెట్టు మీద గుడ్డులోంచి బయటపడ్డ పక్షి. ఆ మాటకొస్తే మనలో చాలామంది తాతముత్తాతలకంటే ముందునుంచీ ఈ డెల్టాలో కాపురం ఉంటున్నది.

పేరే సాక్ష్యం

నమ్మకం కుదరకపోతే తెలుగునే అడగొచ్చు. పెలికాన్‌కి తెలుగులో గూడబాతు అని పేరు. గూడకొంగ అని కూడా అంటారు. ‘గూడ’ అంటే పక్షి గూడు కాదు. పంటకాలవలోంచి చేలోకి నీళ్లు తోడే బుట్ట. చెరోవైపు ఇద్దరు నిలబడి, తాళ్లు పట్టుకుని, ఊపుగా కాలవలో ముంచి, అదే ఊపుతో గట్టు దాటించి చేలోకి గుమ్మరిస్తారు. డీజిలు ఇంజన్లు రాకముందు గోదావరి జిల్లాల్లో గూడ వేయని రైతు లేడు.

గూడబాతు చేసేదీ అదే. ముక్కు కింద వేలాడే తోలుసంచిని నీళ్లలో ముంచుతుంది. నీళ్లూ చేపలూ కలిపి ఒక్కసారిగా ఎత్తుతుంది. తర్వాత తలవంచి నీళ్లు గుమ్మరించేసి, మిగిలిన చేపను గుటుక్కుమనిపిస్తుంది. ఆ సంచిలో చేపలు దాచుకుంటుందని చాలామంది అనుకుంటారుగానీ అది కొట్టుగది కాదు, తోడే పనిముట్టే.

చేలో గూడ వేస్తూ వేస్తూ, పక్క మడుగులో ఇంకెవరో గూడ వేస్తున్నట్టు కనిపించి, ఏ రైతో నవ్వుకుంటూ పెట్టిన పేరై ఉంటుంది. ఒకటి మాత్రం ఖాయం. చుట్టపుచూపుగా వచ్చిపోయేవాళ్లకు చేతిలోని పనిముట్టు పేరు పెట్టుకోరు. రోజూ కళ్లెదుట తిరిగేవాళ్లకే అలాంటి ముద్దుపేర్లు వస్తాయి.

పక్షుల పుస్తకాల్లో దీని పేరు స్పాట్ బిల్డ్ పెలికాన్. ముక్కు అంచు పొడవునా ముదురురంగు చుక్కలుంటాయి కాబట్టి ఆ పేరు. నాలుగు నుంచి ఆరు కిలోల బరువు. రెక్కలు చాపితే ఏడెనిమిది అడుగులు. అంత భారీకాయమూ ఎండ ఎక్కాక పైకి లేచే వేడిగాలిని పట్టుకుని, రెక్క ఆడించకుండా గిరికీలు కొడుతూ ఆకాశంలోకి ఎక్కిపోతుంది. దక్షిణ భారతం, అసోం, శ్రీలంక, కంబోడియా... దీని ప్రపంచం దాదాపు అంతే.

పెలికాన్లలో చాలా జాతులున్నాయి. రేవులో ఫొటో దిగింది ఆస్ట్రేలియన్ పెలికాన్. ప్రపంచంలోని పక్షులన్నింటిలోకీ పొడవైన ముక్కు దానిదే. అది ఇటు రాదు. కజకస్థాన్ సరస్సుల్లో, సైబీరియా దక్షిణపు అంచుల్లో ఉండేది డాల్మేషియన్ పెలికాన్. చలికాలంలో అది మన దేశానికి వచ్చినా వాయవ్య రాష్ట్రాల దగ్గరే ఆగుతుంది. ఈ పేర్లన్నీ కలగలిసిపోయి, ‘పెలికాన్ అంటే విదేశీ పక్షి’ అన్నమాట స్థిరపడిపోయింది.

అసలు చుట్టాలు వేరే

కొల్లేరుకి నిజంగా దూరదేశాల నుంచి వచ్చే పక్షులూ ఉన్నాయి. తోక సూదిలా సాగివుండే పిన్‌టెయిల్ బాతులు, గరిటెలాంటి ముక్కుండే షావలర్లు, గుప్పెడంత గార్గనీ బాతులు. ఉత్తరాన నీళ్లు గడ్డకట్టే వేళకి మధ్య ఆసియా నుంచి, సైబీరియా నుంచి బయల్దేరి వస్తాయి. గార్గనీ బరువు అరకిలో అటూ ఇటూ. కొండలూ ఎడారులూ దాటి ఇంతదూరం ఎగిరొస్తుందంటే చేతులెత్తి దండం పెట్టాల్సిందే. కానీ అవి గట్టుకి దూరంగా, నడినీళ్లలో, మట్టిరంగు చుక్కల్లా తేలుతుంటాయి. చూడ్డానికి వచ్చినవాళ్ల కళ్లు వాటిమీద ఆనవు. దగ్గరగా, పెద్దగా, తెల్లగా కనబడే గూడబాతుకే ఆ ప్రయాణం తాలూకు ఘనతంతా దక్కుతుంది!

ఎవరు చుట్టం, ఎవరు ఇంటిమనిషి అన్నది తేల్చుకోవడానికి పుస్తకం అక్కర్లేదు. గూడు ఎక్కడ కడుతోందో చూస్తే చాలు. పిన్‌టెయిల్, గార్గనీ ఇక్కడ తింటాయి, విశ్రాంతి తీసుకుంటాయి. ఎండలు ముదిరేలోగా వెళ్లిపోయి ఉత్తరాది గడ్డిభూముల్లో గుడ్లు పెడతాయి. ఇక్కడ ఒక్క పుల్ల కూడా పేర్చవు. గూడబాతు అలా కాదు. వానలు పడి చెరువులు నిండాక, చలికాలం మొదలవుతుండగా పుల్లలు ఏరుకొస్తుంది. మూడు నాలుగు గుడ్లు పెడుతుంది. తల్లీ తండ్రీ వంతులవారీగా నెలరోజులు పొదుగుతాయి. పిల్ల తన తలను తల్లి గొంతులోకి పూర్తిగా దూర్చి, సగం అరిగిన చేపను తింటుంది. ఆ పిల్ల సొంతంగా బతకడానికి మూడు నుంచి ఐదు నెలలు పడుతుంది. ఇంత సంసారం చుట్టాలింట్లో ఎవరైనా పెట్టుకుంటారా?

ఎర్రకాళ్ల కొంగ సంగతీ ఇంతే. పసుపుపచ్చ ముక్కు, తోక దగ్గర గులాబీరంగు ఈకలతో రంగులద్దినట్టుండే ఈ కొంగను చూసి, ఇంత అందమైనది మనదెందుకవుతుందన్నట్టు దాన్నీ విదేశాల ఖాతాలో వేసేస్తాం. అదీ మన దేశపు పక్షే.

మరి వేసవి వచ్చేసరికి ఇవి కనిపించవేం? ఎక్కడికో వెళ్లిపోతేనే కదా అంటారు. వెళ్తాయి... పక్క జిల్లాకి! పిల్లలకు రెక్కలొచ్చాక, నీళ్లు ఇంకిపోయేకొద్దీ, ఏ చెరువులో చేప ఉంటే ఆ చెరువుకు చెదిరిపోతాయి. కోతలైపోయాక పనులు వెతుక్కుంటూ పొరుగూళ్లకు వెళ్లే కూలీల్లాగ. పని ఉన్నచోటికి వెళ్లినంతమాత్రాన వాళ్లది ఈ ఊరు కాకుండా పోదుగా.

ఆరేడులో ఏం జరిగింది

ఇదంతా పేరుకోసం పంతం అనిపించొచ్చు. ఏ ఊరి పక్షయితేనేం, చూసి ఆనందిస్తే పోలేదా అనొచ్చు. పోలేదు. ఎందుకు పోలేదో తెలియాలంటే ఆరేడు దాకా వెళ్లాలి.

తాడేపల్లిగూడెం నుంచి దక్షిణంగా, గణపవరం దాటి ఉండి వైపు దిగుతుంటే రోడ్డుకి రెండువైపులా వరిచేలు, చేపల చెరువులు. ఆ డెల్టా పల్లెల్లో ఒకటి ఆరేడు. దేశానికి స్వాతంత్ర్యం రావడానికి ఏడాది ముందు, 1946లో కె.కె.నీలకంఠన్ అనే మలయాళీ యువకుడు ఈ ప్రాంతంలో గూడబాతుల గూళ్లను చూశారు. పాలక్కాడు వైపు మనిషి. అప్పటికి ఆయనకు ఇరవై మూడేళ్లు అటూ ఇటూ. చెట్ల మీద గూళ్లు, గూళ్ల నిండా పక్షులు. సుమారు మూడువేల గూడబాతులు! ఆయన గమనించినదంతా రాసి పంపితే, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తన పత్రికలో 1949లో అచ్చువేసింది. దాంతో కొల్లేటి గూడబాతుల సంగతి పక్షిశాస్త్రవేత్తలందరికీ తెలిసింది. ఆ నీలకంఠనే తర్వాతికాలంలో ‘ఇందుచూడన్’ అనే కలంపేరుతో కేరళ పక్షుల మీద గొప్ప పుస్తకం రాసి, అక్కడ రెండు మూడు తరాలకు పక్షుల్ని చూడటం నేర్పారు.

ఆయన ‘కనిపెట్టారు’ అంటే ఆనాటి ఊరివాళ్లు నవ్వుకుని ఉంటారు. వాళ్లు పుట్టినప్పటి నుంచీ తలెత్తితే గూడబాతులే. పిల్లల అరుపులతో నిద్రలేచి, రెట్టల వాసనతో అన్నం తిన్నవాళ్లకు కొత్తగా కనిపెట్టడానికి ఏముంటుంది? కానీ రోజూ చూసేదాన్ని ఎవరూ రాసిపెట్టరు. ఊరికి కొత్తగా వచ్చినవాడి కళ్లే ఆగిచూస్తాయి. ఆస్ట్రేలియా రేవులో మనవాళ్ల కళ్లు ఆగినట్టే, ఆరేడులో ఆ మలయాళీ కళ్లు ఆగాయి. అంతే తేడా.

ఆయన రాసిపెట్టబట్టే ఆ తర్వాత జరిగింది కూడా తెలిసింది. 1975 ప్రాంతానికి ఆ కాలనీ లేకుండాపోయింది. మూడువేల పక్షుల ఊరు... ముప్ఫై ఏళ్లలో ఖాళీ!

ఇక్కడే మాట విలువ తెలిసేది. అతిథి అనుకుంటే ఏమంటాం? ‘ఈ ఏడు రాలేదు, వచ్చే ఏడు వస్తాయేమో’ అంటాం. అక్కడే ఏదో జరిగుంటుంది అనుకుని, సైబీరియా వైపు చెయ్యి చూపించి ఊరుకుంటాం. ఇంటిమనిషి అనుకుంటే అలా ఊరుకోలేం. ఎందుకు లేచిపోయింది, ఎక్కడ కూర్చునే చెట్టు పోయింది, ఏ నీళ్లు చెడ్డాయి అని వెతుక్కోవాల్సివస్తుంది. ఆ ప్రశ్నలకు జవాబు ఏ పరాయిదేశంలోనూ దొరకదు. మన గట్టు మీదే దొరుకుతుంది.

పేరు మిగిలింది, పక్షి పోయింది

ఊరు ఖాళీ అవడమే కాదు, దేశాలే ఖాళీ అయిన కథ ఉంది ఈ పక్షికి. దీని శాస్త్రీయనామం పెలికానస్ ఫిలిప్పెన్సిస్. ఫిలిప్పీన్స్ పక్షి అని అర్థం. 1789లో గ్మెలిన్ అనే జర్మన్ శాస్త్రవేత్త పెట్టిన పేరది. ఇవాళ ఫిలిప్పీన్స్ అంతా గాలించినా ఈ పక్షుల కాపురం ఒక్కటీ కనిపించదు. 20వ శతాబ్దంలోనే అక్కడ అంతరించిపోయింది. దేశం పేరు పక్షికి మిగిలింది, పక్షే దేశానికి మిగల్లేదు.

బర్మా కథా అలాంటిదే. ఒకప్పుడు మన కోస్తా జిల్లాల నుంచి వేలమంది పనులకోసం ఓడలెక్కి వెళ్లిన ‘రంగం’, అదే రంగూన్ నగరానికి తూర్పున సిట్టాంగ్ నది మైదానముంది. 1877లో యూజీన్ ఓట్స్ అనే ఇంగ్లిషాయన అక్కడ మైళ్ల తరబడి చెట్ల నిండా గూడబాతుల గూళ్లను చూశాడు. 1940లు గడిచేసరికి ఆ కాలనీ కూడా మాయమైంది.

మన దగ్గరా ఆరేడొక్కటే కాదు. 20వ శతాబ్దం తొలినాళ్లలో కడప జిల్లాలోనూ ఒక కాలనీ ఉన్నట్టు రాసిపెట్టారు. ఇలా ఒక్కొక్క ఊరే ఖాళీ అవుతూ వచ్చి, ఒకదశలో ఈ జాతి మొత్తమే ముప్పులో ఉన్న పక్షుల పట్టికలోకి ఎక్కింది. ఆ తర్వాత దక్షిణ భారతంలో కొన్ని కాలనీలకు రక్షణ దొరకడంతో కాస్త తేరుకుంది. 2007 నుంచి ‘ముప్పు అంచున ఉన్న’ జాతిగా లెక్కిస్తున్నారు. అంటే ప్రమాదం తప్పిపోలేదు, ఒక అడుగు వెనక్కి జరిగింది. ఆ అడుగు వేయించిన ఊళ్లలో కొల్లేరు ఒడ్డున ఉన్న ఆటపాక ముఖ్యమైనది.

ఇనుప కొమ్మల మీద సంసారం

ఆటపాకకే ఎందుకొచ్చాయి? గూడబాతుకు రెండు కావాలి. తిండికి లోతులేని మంచినీళ్లు, గూటికి నీళ్ల మధ్యలో చెట్టు. చుట్టూ నీళ్లుంటే నక్కలు, అడవిపిల్లులు, ఊరకుక్కలు గూటి దగ్గరికి రాలేవు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పళ్లెంలా పరుచుకున్న కొల్లేరులో ఒకప్పుడు ఈ రెంటికీ కొదవలేదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిపోసే వరదనీళ్లను పట్టుకుని, ఉప్పుటేరు దారిన మెల్లగా సముద్రానికి వదలడం కొల్లేటి పని. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచేసిన బుడమేరు చివరికి వచ్చి చేరాల్సింది ఈ పళ్లెంలోకే.

1970ల చివరినుంచీ ఆ పళ్లెం చెరువులు చెరువులుగా ముక్కలవుతూ వచ్చింది. గట్లు లేచాయి. చేపల సాగు వచ్చింది, దాంతోపాటే డబ్బూ వచ్చింది. లంక గ్రామాల్లో పెంకుటిళ్లు మేడలయ్యాయి. ఎందరో పిల్లల్ని ఆ చేపలే ఇంజనీరింగు చదివించాయి. ఇవాళ ఆస్ట్రేలియా నుంచి పెలికాన్ ఫొటోలు పంపుతున్నవాళ్లలోనూ కొల్లేటి చేప చదివించినవాళ్లు ఉండే ఉంటారు! కానీ గట్టు లేచిన ప్రతిచోటా సరస్సు కొంచెం కుంచించుకుపోయింది. 1999లో అయిదో కాంటూరు లోపలున్న 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ పట్టికలో కొల్లేరు చేరింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో చెరువుగట్లను పేల్చేశారు. పక్షులకు ఊరట దొరికిందిగానీ ఆ గట్ల మీదే బతుకులున్న కుటుంబాలు మాత్రం రోడ్డునపడ్డాయి. కొల్లేటి కథలో ఒకవైపే చూసి తీర్పు చెప్పడం తేలిక కాదు. అప్పుచేసి చేపపిల్లల్ని వదిలిన రైతుకు, తెల్లారేసరికి చెరువు మీద వాలిన గూడబాతుల గుంపు అందంగా కనిపించదు. టపాసులు పేలుస్తాడు, దారాలు కడతాడు. అతని లెక్కలో అది నష్టం.

ఆటపాకలో మాత్రం చెరువును పక్షులకే వదిలేశారు. చెట్ల మీద గూళ్లు మొదలయ్యాయి. పక్షులు పెరిగేకొద్దీ చెట్లు చాలలేదు. అటవీశాఖ నీళ్ల మధ్యలో ఇనుప స్టాండ్లు నిలబెట్టింది. నిలువునా గొట్టాలు, అడ్డంగా కమ్మీలు, అంతే... ఆకు లేదు, నీడ లేదు. గూడబాతులు ఒప్పుకుంటాయా అన్న అనుమానం అక్కర్లేకపోయింది. మూలమూలనా పుల్లలు పేర్చేసి సంసారం పెట్టేశాయి. ప్రపంచంలో ఈ జాతి పెద్దయెత్తున పిల్లల్ని పెంచుతున్న చోట్లలో ఆటపాక ఒకటైంది.

పడవెక్కి దగ్గరగా వెళితే ఆ దృశ్యం కన్నులపండుగే. కింద నీటికాకులు రెక్కలారబెట్టుకుంటుంటాయి. పైన గూడబాతు పిల్లలు నోళ్లు తెరిచి గోల చేస్తుంటాయి. ఎండకి తోలుసంచిని విసనకర్రలా ఆడిస్తూ తల్లి నిలబడి ఉంటుంది. కళ్లు చెదిరే ఆ సందడిలోనే ఒక్కక్షణం ఆ ఇనుప కమ్మీల వంకా చూడాలి. సొంత ఊళ్లో చెట్టు దొరక్క, కట్టించిన కాలనీలో ఉంటున్న కుటుంబంలా అనిపించకమానదు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకు అది వసతిగృహం. ఇక్కడివాళ్లకైతే అది పునరావాసం.

పుట్టింటి లెక్క

అయితే పక్షుల్ని ‘మనవే’ అనుకున్న ఊళ్లు లేకపోలేదు. చిత్రం ఏమిటంటే వాటిలోనూ కొన్నిచోట్ల ఇవి సైబీరియా నుంచే వస్తాయని గట్టి నమ్మకం. శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్ల మీదే కాపురం పెడతాయి. అటు రాయలసీమలో చిలమత్తూరు మండలం వీరాపురంలో ఇళ్ల మధ్య చింతచెట్ల నిండా ఎర్రకాళ్ల కొంగలే. గుంటూరు దగ్గర ఉప్పలపాడు ఊరి చెరువు పక్షులదైపోయింది. సూళ్లూరుపేట దగ్గర నేలపట్టు చెరువుకు 1976లోనే అభయారణ్యం హోదా వచ్చింది. అక్కడ గూడు కట్టే గూడబాతులు తిండికోసం పులికాట్ దాకా వెళ్లొస్తుంటాయి.

ఇలాంటి ఊళ్లలో ఒక మాట వినిపిస్తుంది. ‘ఇవి పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచులండీ!’ సరిహద్దు దాటి కర్ణాటకలోని కొక్కరెబెళ్లూరు వెళ్లినా గూడబాతుల గురించి ఇదే మాట. ఏ శాస్త్రవేత్తా చెప్పకుండానే జనం పట్టుకున్న నిజమది. ఆడపడుచు ఏడాదంతా మన ఇంట్లో ఉండదు. కానీ ఎక్కడున్నా ఆమెది ఈ ఇల్లే. పురిటికి ఈ గడపకే వస్తుంది. పిల్లలు ఈ వాకిట్లోనే కళ్లు తెరుస్తారు. ఆమెకు అన్నం పెట్టడం దయ కాదు, ఆనవాయితీ.

అందుకే ఆ ఊళ్లలో రెట్టలతో పెరళ్లు పాడైనా, దండెం మీది బట్టలు మళ్లీ ఉతుక్కోవాల్సివచ్చినా సర్దుకుంటారు. గూట్లోంచి పిల్ల జారిపడితే ఎత్తి కాపాడతారు. ఎక్కడి నుంచి వస్తాయో తెలియకపోయినా, ఎవరివో మాత్రం వాళ్లకు తెలుసు.

కొల్లేరుకు కావాల్సిందీ ఆ లెక్కే. అతిథి ఒక ఏడు రాకపోతే ‘ఏం పనుండి ఆగిపోయారో’ అనుకుంటాం. ఇంటి ఆడపడుచు పురిటికి పుట్టింటికి రాలేదంటే మాత్రం నలుగురూ నిలబెట్టి అడుగుతారు... ‘ఏం చేశారు ఆ పిల్లని?’ అని. ఆరేడు ఖాళీ అయిన నాడు ఆ మాట అడిగినవాళ్లు ఎందరో తెలియదు. ఆటపాక విషయంలో ఆ పరిస్థితి రాకుండా చూసుకోవడం మన చేతుల్లోనే ఉంది. చెరువులో నీళ్లు నిలపడం, మిగిలిన చెట్టును నిలబెట్టడం, ఇనుప కమ్మీల పక్కనే నాలుగు నీటిమొక్కల్ని పెంచి రేపటికి నిజమైన కొమ్మను సిద్ధం చేయడం... ఏదీ సైబీరియావాళ్లు వచ్చి చేయాల్సిన పని కాదు.

ఈసారి ఆస్ట్రేలియా నుంచి ఫొటో వస్తే, ఏలూరు బావగారు ఓ ఆదివారం పొద్దున్నే కైకలూరు రోడ్డెక్కి, ఆటపాకలో ఒక ఫొటో తీసి తిరిగి పంపొచ్చు. ‘మీ దగ్గరున్నది దీని చుట్టమే’ అని రాసి. వెంట మనవణ్ని తీసుకెళితే ఇంకా మంచిది. గట్టు మీద నిలబడి వాడెలాగూ అడుగుతాడు.

‘తాతయ్యా, ఇవి ఎక్కణ్నుంచి వచ్చాయి?’

‘ఎక్కణ్నుంచీ రాలేదురా. ఇక్కడివే.’

పిల్లలు అక్కడితో ఊరుకోరు. ‘మరి వాటికి చెట్లేవి తాతయ్యా?’ అంటారు. సైబీరియా అని చెప్పినన్నాళ్లూ ఏ పిల్లాడూ ఈ ప్రశ్న అడగలేదు.